గుర్రపు డెక్కను గుర్తుపట్టడం ఎలా? బ్రెజిల్ నుంచి హంసలదీవి దాకా ఒక కలుపు ప్రయాణం

ఈ ఎపిసోడ్‌లో రాజులూ కోటలూ లేవు, ఒక కలుపు మొక్క ఉంది. గుడివాడ నుంచి బందరు వైపు బస్సులో వెళ్తూ కిటికీ పక్క సీటు దొరికితే మీకు కాలవల్లో కనబడేది అదే. నీళ్లు కనబడకుండా పచ్చటి దుప్పటి కప్పినట్టు ఉంటుంది, అక్కడక్కడా లేత ఊదా రంగు పూలగుత్తులు. చాలామంది ఫోటో తీసి స్టేటస్ కూడా పెడతారు. మన వైపు దాని పేరు గుర్రపు డెక్క.

"దీన్ని గుర్తుపట్టడానికి ఒక వీడియో కావాలా? చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు" అంటారేమో. కాలవ నిండా కమ్మేశాక ఎవరైనా చెప్తారండీ. ఒకటో రెండో మొక్కలు తేలుతూ వచ్చినప్పుడు గుర్తుపట్టాలి, అక్కడే అందరూ దెబ్బ తిన్నారు. అమెరికా, బెంగాల్, బర్మా, మన డెల్టా, ఎక్కడ చూసినా ఇదే కథ. ముందు పువ్వు చూసి ముచ్చటపడ్డారు, తర్వాత పేరు పెట్టారు, ఆ తర్వాత చట్టం చేశారు. అప్పటికే నీళ్లన్నీ దాని చేతిలో ఉన్నాయి.

పేరు దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే పేరులోనే గుర్తు ఉంది.

ఈ మొక్క సొంత ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్ నది ప్రాంతం. జర్మనీలోని బవేరియా నుంచి మార్టియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1817 నుంచి 1820 దాకా బ్రెజిల్ అంతా తిరిగాడు. వెనక్కి వెళ్లాక 1820లలో అచ్చేసిన పుస్తకంలో దీనికి పాంటెడేరియా క్రాసిపెస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'క్రాసస్' అంటే లావు, 'పెస్' అంటే పాదం. క్రాసిపెస్ అంటే లావు కాలుది అని అర్థం. ఆకు కాడ అడుగున ఉబ్బి బుడగలా ఉంటుంది కదా, ఆయన దాన్నే చూశాడు.

మన వాళ్లకి మార్టియస్ ఎవరో తెలీదు, లాటిన్ అంతకన్నా తెలీదు. అయినా ఆకు చూసి గుర్రపు డెక్క అన్నారు. ఎక్కడో బ్రెజిల్‌లో ఆయనా, ఇక్కడ కాలవ గట్టు మీద మన రైతూ, ఇద్దరికీ కాలే గుర్తొచ్చింది చూడండి! నాకైతే ఇది భలే నచ్చింది. మన బోటనీ పుస్తకాల్లో ఇంకో పేరు ఉంది, బుడగ తామర. అదైతే మార్టియస్ పెట్టిన పేరుకి దాదాపు అనువాదంలా ఉంటుంది. మధ్యలో 1883లో ఇంకో శాస్త్రవేత్త దీన్ని ఐకార్నియా అనే ప్రజాతిలోకి మార్చాడు. ఆ పేరు ఐకార్న్ అనే ప్రష్యా మంత్రిది. మంత్రి గారి పేరు చదివితే మొక్క గురించి మనకి ఒక్క ముక్క తెలీదు. ఈ మధ్య శాస్త్రవేత్తలు మళ్లీ మార్టియస్ పెట్టిన పాంటెడేరియాకే తిరిగొచ్చారు. కాబట్టి పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త యాప్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఇప్పుడు అసలు గుర్తుపట్టే సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

ఒంటరిగా తేలుతున్న మొక్కని తీసుకుంటే ఆకు గుండ్రంగా, మందంగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. కాడ ఉబ్బి ఉంటుంది. కోస్తే లోపలంతా స్పాంజిలాగా గాలి గదులు. ఆ గాలి వల్లే తేలుతుంది. పువ్వు గుత్తిగా నిలువుగా లేస్తుంది, ఒక్కో పువ్వుకి ఆరు రేకులు. పైరేకు మీద ముదురు నీలం, దాని మధ్యలో పసుపు మచ్చ, నెమలి కన్నులాగా. ఆ మచ్చ చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. బుడగ ఎప్పుడూ ఉండదు! మొక్కలు ఒత్తుగా కిక్కిరిసిపోతే కాడలు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. మోకాలి ఎత్తు దాటి కూడా పెరుగుతాయి. ఆ కాడల్లో ఉబ్బు మాయమైపోతుంది. బుడగ కోసం వెతికేవాడు దట్టమైన గుంపును చూసి "ఇది వేరే మొక్క" అనుకుంటాడు. ఆకారం చూసి చెప్పే ఫోన్ యాప్ కూడా ఇలాంటి చోట తడబడొచ్చు. పువ్వా, ఏడాది పొడుగునా ఉండదు. విడిచిన పువ్వు కూడా ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది.

మరి ఎప్పుడూ మారని గుర్తు ఏంటంటే, నీళ్ల కింద ఉంటుంది. మొక్కని చేత్తో పైకి లాగండి. నల్లటి, ఊదా ఛాయ ఉన్న వేళ్లు కుచ్చులా, పక్షి ఈకల్లా వేలాడుతూ వస్తాయి. వాటితోపాటు పక్కకి ఒక తీగ వస్తుంది, దాని చివర ఒక పిల్ల మొక్క. ఆ పిల్లకి ఇంకో తీగ, దానికి ఇంకో పిల్ల. ఒక దాన్ని లాగితే కుటుంబం మొత్తం వచ్చేస్తుంది. ఆ తీగే దీని అసలు గుర్తింపు కార్డు.

దీనితో పొరపాటు పడే మొక్కలు మన దగ్గర చాలానే ఉన్నాయి. తామర, కలువ బురదలో వేళ్లూనుకుని ఉంటాయి, లాగితే తేలిగ్గా రావు. అంతర తామర నీటి మీద తేలుతుంది గానీ దానికి కాడ ఉండదు. లేత ఆకుపచ్చ ఆకులు క్యాబేజీ విడదీసినట్టు ఉంటాయి, ముట్టుకుంటే మెత్తగా నూగు తగులుతుంది. తూటికూర ఆకు బాణం మొనలా ఉంటుంది, దాన్ని కూర వండుకుంటాం కూడా. గట్టు మీద గులాబీ రంగు గరాటా పూలతో పొదలా పెరిగేది లొట్టపీసు, అది కూడా దక్షిణ అమెరికా సరుకే, దాని కథ ఇంకోసారి. వరి చేలో నీలం పూలతో ఒక చిన్న కలుపు మొక్క వస్తుంది, అది గుర్రపు డెక్కకి దూరపు చుట్టం. కానీ అది బురదలో పాతుకుని ఉంటుంది, తేలదు.

ఇంతకీ పిల్లలు పెట్టే వేగం ఎంత? నీళ్లు వెచ్చగా, ఎరువు బాగా కలిసి ఉంటే ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. రెండు వారాలనే అనుకుందాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 24 వారాలంటే 12 సార్లు రెట్టింపు. ఒక్క మొక్క 4,096 అవుతుంది. పైగా ఇవన్నీ ఒకదానికొకటి కాపీలే. 2010లో వచ్చిన ఒక జన్యు అధ్యయనంలో ప్రపంచంలో చాలాచోట్ల పెరుగుతున్నది ఒకే మొక్క నకళ్లని తేలింది. కాపీ పేస్ట్ అన్నమాట. ఏళ్ల తరబడి బతికే బహువార్షిక మొక్క ఇది. వరి కలుపులా పంటతో పాటు పుట్టి పంటతో పాటు పోయే రకం కాదు.

సరే, బ్రెజిల్ దాటి ఎలా బయటపడింది? అందం వల్ల. 19వ శతాబ్దంలో డబ్బున్నవాళ్ల తోటల్లో, బొటానికల్ గార్డెన్లలో ఇదొక ఫ్యాషన్. అమెరికాలో 1884లో న్యూ ఆర్లియన్స్ నగరంలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో ఈ మొక్కల్ని జనానికి పంచిపెట్టారని ఒక కథ చెప్పుకుంటారు. ఎవరు పంచారన్న దాని మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. 1890ల నాటికి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నదిలో మాత్రం పడవలు కదల్లేని పరిస్థితి వచ్చింది. 1899లో అమెరికా పార్లమెంటు దీన్ని పీకించడానికి చట్టంలోనే డబ్బు కేటాయించింది. 1910లో ఇంకా విచిత్రం జరిగింది. లూసియానాకి చెందిన బ్రూసార్డ్ అనే సభ్యుడు ఒక బిల్లు తెచ్చాడు. ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెప్పిద్దాం, అవి ఈ కలుపు మేస్తాయి, మనం వాటి మాంసం తిందాం అని! నిజంగానే చర్చ జరిగింది. బిల్లు పాస్ కాలేదు. అయ్యుంటే గుర్రపు డెక్క కోసం నీటి గుర్రం వచ్చిన దేశంగా మిగిలిపోయేది.

మన వైపు ఈ మొక్క పెద్ద గొడవ చేసింది ముందు బెంగాల్‌లో. 19వ శతాబ్దం చివర్లో అక్కడి తోటల్లోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి తూర్పు బెంగాల్ నదులు, వరి పొలాలు నిండిపోయాయి. ఎవరు తెచ్చారో తెలీదు, కానీ యుద్ధం జర్మనీతో జరుగుతోంది. కాబట్టి జనం దీనికి 'జర్మన్ పానా' అని పేరు పెట్టేశారు, అంటే జర్మనీ నాచు అని. వాట్సాప్ లేని కాలంలోనే పుకారు అంత వేగంగా పాకింది. సింహళంలో దీన్ని జపాన్ పేరుతో పిలుస్తారు. ఫ్లోరిడా దయ్యం, బెంగాల్ భూతం అని ఇంకా పేర్లున్నాయి. గమనించారా? ఇవన్నీ తప్పెవరిదో చెప్పే పేర్లు. వాటిని పట్టుకుని మొక్కని మాత్రం గుర్తుపట్టలేం. తెలుగు పేరు ఎవరినీ తిట్టదు, ఆకు ఎలా ఉంటుందో చెప్తుంది. మన వాళ్లు ఈ ఒక్క పని సరిగ్గా చేశారని నా అభిప్రాయం.

1921లో బెంగాల్ ప్రభుత్వం దీని మీద ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఎవరో తెలుసా? జగదీశ్ చంద్ర బోస్. రేడియో తరంగాల మీద, మొక్కల స్పందన మీద పనిచేసిన అదే బోస్. 1936లో బెంగాల్ వాటర్ హయసింత్ చట్టం వచ్చింది. 1937 ఎన్నికల్లో పార్టీలు మేనిఫెస్టోల్లో "ఈ కలుపు నుంచి విముక్తి కలిగిస్తాం" అని హామీ ఇచ్చాయి. ఫజ్లుల్ హక్ ప్రభుత్వం వచ్చాక ఊరూరా జనాన్ని దింపి పీకించింది. ఒక కలుపు మొక్క ఎన్నికల హామీ అయిందంటే ఊహించుకోండి.

బర్మాలో ఇంకా ముందే, 1917లోనే చట్టం చేశారు. అప్పట్లో మన తీరం నుంచి వేల మంది కూలికి 'రంగం' వెళ్లేవారు. రంగం అంటే రంగూన్. అక్కడ ఈ మొక్కని దగ్గర ఉంచుకోవడమే నేరం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1919లో పంటల పురుగులు, తెగుళ్లు, హానికర కలుపు మొక్కల చట్టం వచ్చింది. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, ఆ చట్టం తర్వాత ఆంధ్ర ప్రాంతంలోనూ కొనసాగింది. దాని లెక్క ఏంటంటే, ప్రభుత్వం ఒక కలుపుని హానికరం అని ప్రకటిస్తే, ఎవరి నేలలో ఉంటే వాళ్లు తీసేయాలి. తీయకపోతే అధికారులు తీయించి ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేస్తారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ చట్టాలు రాసినవాళ్లు కలుపు అంటే నేలలో పాతుకుని నిలబడేది అనుకున్నారు. నాగజెముడు లాంటి దానికి ఆ లెక్క సరిపోతుంది, అది ఎవడి చేలో ఉందో కనిపిస్తుంది. గుర్రపు డెక్క పొద్దున ఒక ఊరి కాలవలో ఉంటుంది, గాలి తిరిగితే సాయంత్రానికి పక్క ఊళ్లో ఉంటుంది. బాధ్యత ఎవడిది? వాళ్లు మొక్క పేరు గుర్తుపట్టారు గానీ దాని నడక గుర్తుపట్టలేదు.

మన డెల్టాలో ఈ నడక ఎటువైపు సాగుతుందో చూడాలి.

బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి కాలవలు, పిల్ల కాలవలు, మళ్లీ పొలాల నీళ్లు తీసుకుపోయే మురుగు కాలవలు. మ్యాప్‌లో చూస్తే చేతి మీద నరాల్లా ఉంటాయి. అంత సాగునీరు ఇచ్చిన ఆ వలే తేలే మొక్కకి రోడ్డు అయింది. పైగా దారిపొడుగునా తిండి. పొలాల్లో చల్లిన యూరియా, చేపల చెరువుల నుంచి వదిలే నీళ్లు, పట్నాల మురుగు, అన్నీ డ్రెయిన్లలోకే. నత్రజని, భాస్వరం కలిసిన నిలవ నీళ్లంటే గుర్రపు డెక్కకి పెళ్లి భోజనం.

దివిసీమ ఈ వల చిట్టచివర ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది, ఆ పాయల మధ్య ద్వీపంలా ఉండే నేల ఇది. దివిసీమ పొలాలకి కాలవ నీళ్లు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది దాటి రావాలి. చివరి ఆయకట్టు అంటే తెలుసుగా, పైనవాళ్లందరూ వాడుకున్నాక మిగిలినవే. ఆ మిగిలిన నీళ్లకి కూడా గుర్రపు డెక్క అడ్డం పడితే చేలు ఎండుతాయి. అదే తుఫాను వాన పడితే ఇంకో రకం నష్టం. డ్రెయిన్ పూడుకుపోయి నీళ్లు బయటికి పోవు, వరి రోజుల తరబడి మునిగి కుళ్లిపోతుంది. వంతెన స్తంభాల దగ్గర, తూముల దగ్గర ఇది చేరితే కదిలించడం మనిషి వల్ల కాదు. దట్టంగా ఉన్నచోట ఎకరానికి 200 టన్నుల దాకా బరువు ఉంటుంది, అందులో 90 శాతం పైగా నీళ్లే.

దీనికి మన ఊళ్లలో కనిపెట్టిన పరిష్కారం ఏంటంటే, కర్రలు పట్టుకుని తోసేయడం. మా ఊరి వంతెన దాటితే చాలు! కింది ఊరివాళ్లు ఇంకా కిందికి తోస్తారు. నాకు కోడూరు వైపు డ్రెయిన్ గట్టు మీద ఒక పెద్దాయన కనిపిస్తే ఇదే అడిగాను. "మేం ఎవరి మీదకి తోయాలి అబ్బాయ్? మా కింద సముద్రమే ఉంది" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

ఆ సముద్రమే హంసలదీవి. కృష్ణమ్మ పాయ సముద్రంలో కలిసే చోటు, వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఊరు. మాఘ పౌర్ణమికి జనం సాగరసంగమంలో స్నానాలకి వస్తారు. కాకి ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం, ఊరి పేరు అందుకే వచ్చిందంటారు. గుర్రపు డెక్క కూడా ఇక్కడికొచ్చి రంగు మారుతుంది, కాకపోతే హంసలా కాదు. ఉప్పు దీని బలహీనత. లీటరు నీటిలో 6 నుంచి 8 గ్రాముల ఉప్పు ఉంటే బతకడం కష్టం. సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాములు ఉంటుంది. పెద్ద వరదలు వచ్చినప్పుడు, 2009 అక్టోబరులో, మళ్లీ 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు కదా, అలాంటి వరదలకి కాలవల్లోది, నదిలోది కొట్టుకొచ్చి సముద్రం పాలవుతుంది. ఒక వరద తగ్గాక పాలకాయతిప్ప తీరంలో నేను చూసినప్పుడు ఇసుక మీద గోధుమ రంగు చెత్త వరసలు కట్టి ఉంది. వేళ్ల కుచ్చులు చూస్తే గానీ అది గుర్రపు డెక్క అని తెలీలేదు.

"అయితే మంచిదే కదా, సముద్రం చంపేస్తోంది" అనుకోకండి. దివిసీమలో చివరి పొలాలకి పెద్ద భయం ఉప్పే. పైనుంచి మంచినీళ్లు సరిగా దిగితేనే ఉప్పు వెనక్కి తగ్గుతుంది, లేకపోతే నేల చౌడు తేలుతుంది. అంటే ఉప్పులో బతకలేని మొక్క, ఉప్పుని ఆపే మంచినీటికి పైన ఎక్కడో అడ్డం కూర్చుంటోంది. అది ఇక్కడ చచ్చిపోయినా నష్టం ఇక్కడే మిగులుతోంది.

పురుగులతో చంపొచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారు. ప్రయత్నం జరిగింది. దక్షిణ అమెరికాలో దీన్నే తిని బతికే ముక్కు పురుగులు రెండు రకాలున్నాయి. వాటిని 1980లలో మన దేశానికి తెప్పించి, పరీక్షించి, బెంగళూరు చెరువుల్లో వదిలారు. కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. ఆకు మీద గోరుతో గీకినట్టు చిన్న మచ్చలు కనిపిస్తే అవి ఆ పురుగులు తిన్న గుర్తులే, చంపకండి. కానీ వాటికి ఏళ్ల సమయం, కదలని నీళ్లు కావాలి. మన కాలవల్లో ప్రతి ఏడాదీ వరదో, పొక్లెయినో వచ్చి మొక్కతో పాటు పురుగునీ ఊడ్చేస్తుంది. మిగిలిన నాలుగు మొక్కలు మళ్లీ పిల్లలు పెడతాయి, పురుగు మాత్రం అంత వేగంగా పెరగదు.

పొక్లెయిన్ పని కూడా సగమే అవుతోంది. తీసిన కలుపుని గట్టు అంచునే పోస్తారు, మొదటి వానకి సగం మళ్లీ కాలవలో పడుతుంది. ఇంకో సంగతి, పువ్వు వాడాక గుత్తి మెడ వంచి నీళ్లలోకి దిగుతుంది, గింజల్ని అడుగు బురదలో వదులుతుంది. ఆ గింజలు 15, 20 ఏళ్ల దాకా బతికి ఉండగలవు. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో కాలవ ఎండి పగిలిపోయి కనిపిస్తుంది, కొత్త నీళ్లు వదలగానే మొలకలు వస్తాయి. అందుకే పువ్వు రాకముందు తీయడానికీ, వచ్చాక తీయడానికీ అంత తేడా. తీసింది గట్టుకి దూరంగా ఎండబెడితే, పూత రానిదైతే, కంపోస్టుకి బాగా పనికొస్తుంది. బంగ్లాదేశ్‌లో వీటి గుట్టల మీదే తేలే కూరగాయల మడులు పెంచుతారు.

ఈ ఫోన్ చూస్తున్న మీకు సంబంధించిన విషయం ఒకటి ఉంది. ఇదే మొక్క ఇవాళ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. టెర్రస్ మీద లిల్లీ తొట్టికి, చేపల తొట్టికి అందంగా ఉంటుందని "వాటర్ హయసింత్" పేరుతో వస్తుంది. యూరప్ దేశాల్లో 2016 నుంచి దీని అమ్మకం నిషేధం. మన దగ్గర కార్ట్‌లో వేసుకోవచ్చు. తొట్టి కడిగిన నీళ్లు డ్రైనేజీలోకి, డ్రైనేజీ కాలవలోకి, కాలవ ఎక్కడికి పోతుందో ఇందాక చెప్పుకున్నాం. బ్రెజిల్ నుంచి బయటపడింది కూడా ఇలా తోట తొట్టిలోంచే కదా. పేరు ఇంగ్లీషులో ఉన్నా, బొమ్మలో పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా, కాడ అడుగున బుడగ ఉందేమో జూమ్ చేసి చూడండి.

కోడూరు పెద్దాయన చేతిలో ఒక దోటి ఉంది. మామిడికాయలు కోసేదే, చివర కొక్కెం. పొలానికి వెళ్తూ వస్తూ ఆయన తన చేను పక్క బోదెలో ఒంటరిగా తేలే మొక్క కనిపిస్తే లాగి గట్టు అవతల ఎండలో పారేస్తారు. రోజూ ఐదో ఆరో వస్తాయట. "గుంపు నా వల్ల కాదు, ఇవైతే నా వల్ల అవుద్ది" అన్నారు. లాగినప్పుడు తీగ తెగకుండా చూస్తారు, తెగితే చివరి పిల్ల నీళ్లలో ఉండిపోతుందని.